తలాపున పాడవలసిన పాట

మా పేటలో ఎవరైనా పోతే మొదటి కబురు అయ్యగారికి వెళ్లేది, రెండోది మా అమ్మకి. అయ్యగారంటే మా చర్చి పాస్టరుగారు. ఆయన వచ్చి వాక్యం చదివి ప్రార్థన చేస్తారు, అది ఆయన పని. ఆయన వచ్చేలోపు శవం తలాపున కూర్చుని పాడటం మా అమ్మ పని. ఆ పని ఆవిడకి ఎవరూ అప్పజెప్పలేదు. ఆవిడ గొంతు లేస్తేగానీ ఆ ఇంట్లోవాళ్లకి ఏడుపు సరిగ్గా వచ్చేది కాదు, అంతే. "ఇంకా రాలేదేంటండీ ఆవిడ" అని శవం చుట్టూ కూర్చున్నవాళ్లు గుమ్మం వైపు చూస్తూ ఉండేవారు.

ముక్తేశ్వరం దాటాక కాలువ గట్టునానుకుని ఉంటుంది మా పేట. తాతల కాలంలోనే మావాళ్లు ప్రభువుని నమ్ముకున్నారు గానీ, ఆ తర్వాత కూడా చాలాకాలం ఊడుపులూ కోతలే మా బతుకు. అమ్మ పెళ్లికి ముందు నుంచీ ఊడుపుల్లో పాట ఎత్తే మనిషి. బురదలో నడుం వంచి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఆడవాళ్లు వరసగా నాట్లు వేస్తుంటే, పాట ఎత్తడానికి ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి గొంతొక్కటే ఉంటే చాలదు, కన్ను కూడా ఉండాలి. వరసలో వెనకబడ్డ ముసలమ్మ ఎవరో, నెలలు నిండుతున్న పిల్ల ఎవరో చూసుకుని, వాళ్లు అందుకునేదాకా చరణం చివర సాగదీస్తూ ఉండాలి. వాళ్లు వచ్చి కలిశాక అప్పుడు రెండో చరణం.

చర్చిలో కూడా అమ్మ అలాగే పాడేది. ఆదివారం కీర్తన ఎత్తితే, చివరి బల్ల మీద కూర్చున్న ఉబ్బసం తాతగారు ఊపిరి పీల్చుకుని ఆఖరి ముక్క అందుకునేదాకా ఆగేది. చదువురాని వాళ్లు తర్వాతి మాట ఏమిటో గుర్తు తెచ్చుకునేదాకా ఆగేది. దాంతో మా చర్చిలో పాటలు చాలా పొడుగ్గా ఉండేవి. చిన్నప్పుడు నాకు కాళ్లు లాగేవి, విసుగొచ్చేది. కానీ నోరు కదపని మనిషి ఒక్కరుండేవారు కాదు. నత్తివాళ్లూ, గొంతు లేనివాళ్లూ, ఎప్పుడూ ఒక మాట ముందే పాడేసే తొందర మనుషులూ, అందరూ ఆవిడ పాటలో పట్టేవారు.

తలాపున పాడేది మాత్రం వేరు. అందరికీ తెలిసిన కీర్తనే ఎత్తుకునేది, మొదటి చరణం ఉన్నదున్నట్టు పాడేది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి, అదే రాగంలో, పోయిన మనిషి బతుకు వచ్చి కూర్చునేది. మా పక్కింట్లో ఒకావిడ ఉండేది, మహా పిసినారి. ఆవిడ పోయినప్పుడు అమ్మ పాడింది నాకింకా గుర్తుంది.

"అరువిచ్చిన గరిటె కోసం వీధంతా తిరిగేవు వదినా,
అటక మీద దాచిన బెల్లం ఎవరికిచ్చి పోయేవు వదినా,
జొరమొచ్చి నేను పడుంటే గంజి కాచి పోసింది నువ్వే కదా వదినా..."

గరిటె దగ్గర అందరూ నవ్వేశారు. శవం పక్కన కూర్చుని నవ్వారు. గంజి దగ్గరికి వచ్చేసరికి, ఆవిడతో మాటల్లేని కోడలు కూడా గొల్లుమంది. అలా ఉండేది. మంచీ చెడ్డా రెండూ పాడాలి, లేనిది పాడకూడదు. అలా పాడినదాన్ని ఎవరూ కాదనకూడదు. ఇది రాసుకున్న కట్టుబాటు కాదు గానీ అందరూ పాటించేవారు. ఎప్పుడో తగువుల్లో "తలాపున అన్నమాటండీ అది" అంటే పెద్దమనుషులు కూడా ఇంక మాట్లాడేవారు కాదు.

మా నాన్న ఆ పాట కోసం బతికుండగానే ఎదురుచూశాడు. నవ్వులాటకి కాదు, నిజంగా.

నాన్న ఇరిగేషన్‌లో లస్కరు. కాలువ గట్ల మీద తిరుగుతూ, పై అధికారులు చెప్పినప్పుడు తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. మా పేటలో గవర్నమెంటు జీతం తెచ్చుకున్న మొదటి నలుగురైదుగురిలో ఆయనొకడు. కానీ ఆయన్ని ఎవరూ లస్కరుగారు అనేవారు కాదు. 'నిద్దర లస్కరు' అనేవారు. నేను స్కూల్లో చేరిన రోజు మాస్టారు కూడా "నిద్దర లస్కరు గారమ్మాయివా" అనే అడిగారు. ఎగతాళిగా కాదు, ఆనవాలుగా. అదే ఇంకా కాలుతుంది.

ఆ పేరు వెనక సంగతి ఇది. నేను పుట్టకముందు ఒక దాళ్వాకి నీళ్లు చాలలేదు. రబీ పంటని మేం దాళ్వా అంటాం. పైవాళ్లు వంతులు పెట్టారు, ఫలానా రోజులు ఫలానా ఊళ్లకి నీళ్లు అని. కాలువ చిట్టచివర ఉండే శివారు పొలాలకి వంతు ఇంకా రాకముందే చేలు పొట్ట మీదుండి ఎండిపోతున్నాయి. ఆ పొలాలు చేసుకునేవాళ్లంతా కౌలుకి చేసుకునే పేదవాళ్లు. ఒకనాటి సాయంత్రం నాన్న గట్టు మీద వస్తుంటే, ఒకావిడ మురుగుబోదెలో అడుగున మిగిలిన నీళ్లు తట్టతో తోడి చేలో పోస్తోందట. తట్టలో నీళ్లు నిలుస్తాయా? సగం దారిలోనే కారిపోతున్నాయి. అయినా పోస్తూనే ఉందట. నాన్న తిరిగి వెళ్లి, చక్రం తిప్పి, శివారు తూము తలుపు ఎత్తేశాడు. తెల్లారేదాకా ఎత్తే ఉంచాడు. ఆ ఒక్క తడితో చేలు బతికాయి.

పొద్దున్నే ఎగువ రైతులు గోలపెడితే అధికారి వచ్చాడు. కావాలని ఎత్తానంటే ఉద్యోగం పోతుంది. అందుకని నాన్న "నిద్రపోయేనండి, తలుపు ఎవరెత్తేరో నాకు తెలీదండి" అన్నాడు. సస్పెండ్ చేసి, కొన్నాళ్లకి తిరిగి తీసుకున్నారు. పేరు మాత్రం ఉండిపోయింది. అసలు దెబ్బ ఆ మరుసటి ఆదివారం చర్చిలో తగిలింది. శివారు పొలాల మనిషి ఒకాయన సాక్ష్యం చెప్పడానికి లేచి, "ప్రభువు ఆ లస్కరు కళ్ల మీదకి నిద్దర పంపించి మా చేలు బతికించేడండి" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. సంఘమంతా ఆమేన్ అంది. నాన్న కూడా చివరి బల్ల మీంచి ఆమేన్ అన్నాడు.

అసలు సంగతి తెలిసింది అమ్మకి, తర్వాత నాకు, అంతే. రిటైరయ్యాక చెప్పేయచ్చు కదా నాన్నా అంటే వినేవాడు కాదు. "నా నోటితో నేనే చెప్పుకుంటే గొప్పలంటారు. ఆవిడ తలాపున పాడితే నమ్మాలి, తప్పదు" అనేవాడు. అమ్మ వంటింట్లో ఉంటే వసారాలోంచి కేకేసేవాడు.

"ఏమే, నా పాటలో తూము సంగతి వదిలేస్తావేమో!"

"గురక కూడా పాడతాను లెండి."

"గురక పాడు, పెళ్లినాడు నిన్ను నడిపించి నేను సైకిలెక్కింది పాడు, నాకేం బెంగలేదు. తూము మాత్రం వదలకు. అప్పుడింక పోయినోణ్ణి సస్పెండ్ చెయ్యలేరు కదా."

అలా నవ్వుకునేవారు. మనిషి చావు గురించి అంత హుషారుగా మాట్లాడుకునే ఇల్లు మాదొక్కటే అనుకునేదాన్ని.

తర్వాత మా చర్చి మారింది. పాత పెంకుల చర్చి పడగొట్టి కొత్తది కట్టారు. కువైట్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్న మావాళ్లే పంపించారు. చలవరాయి, ఏసీలు, నాలుగు వైపులా స్పీకర్లు, రెండు కెమెరాలు. ఆదివారం ఆరాధన ఫోన్లలో లైవ్ వస్తుంది. దానికి తగ్గట్టు పాటలు కూడా ఉండాలన్నారు. కీబోర్డు వాయించే ఒక కుర్రాణ్ణి క్వైరుకి పెద్దని చేశారు. ఇంటి దగ్గర్నుంచి కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే పిల్లాడు. మంచివాడు, మర్యాదస్తుడు, పైసా తీసుకోడు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని, ఆ అవకాశం కూడా నాకు ఇవ్వలేదు.

అతను ట్రాక్ తెచ్చాడు. వాయిద్యాలన్నీ ముందే రికార్డు చేసి ఉంటాయి, మీట నొక్కితే మొదలవుతుంది, మనం దాని వెంట పాడాలి. అది ఎవరి కోసమూ ఆగదు. క్వైరులో ఆడవాళ్లందరికీ ఒకటే రకం మీగడరంగు చీరలు, ఒకటే అంచు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. జడ వేసుకునేవాళ్లని కూడా ముడి వేసుకోమన్నారు. మొదటి ప్రాక్టీసులోనే ఆ అబ్బాయి అందరికీ చెప్పాడు.

"అందరి గొంతూ కలిసి ఒక్క గొంతులాగ వినపడాలండి. ఎవరిదీ విడిగా తెలీకూడదు. అదేనండి క్వైరంటే."

అమ్మ గొంతు విడిగా తెలిసేది. ఏం చేస్తుంది పాపం, నలభై ఏళ్లు విడిగా తెలియడమే దాని పని. ట్రాక్ ముందుకి వెళ్లిపోతుంటే ఆవిడ చివర సాగదీస్తూ వెనకాల ఉండిపోయేది. రెండో చరణం సగంలో ఉండగా ఆవిడ మొదటి చరణం పూర్తిచేసేది. అబ్బాయి ట్రాక్ ఆపేసి, చేతులు జోడించి, "ఏవీ అనుకోకండి పెద్దమ్మగారండీ, మరొక్కసారండి" అనేవాడు. మళ్లీ అదే. కొన్ని వారాలయ్యాక ఆవిడ ముందున్న మైకు పనిచేయడం మానేసింది. ఆవిడకి తెలియలేదు, గొంతు పోతోందేమో అనుకుని మిరియాల పాలు తాగేది. కేబుల్ తీసేసి ఉండటం నేను చూసి చెప్పాను.

నేను తగాదాకి వెళ్లాను. నా నోరు అసలే మంచిది కాదు. చర్చి కమిటీ పెద్దాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించి, "టీచరుగారండీ, మీ స్కూల్లో ప్రేయరప్పుడు పిల్లలు తలోరకంగా పాడితే మీరు ఒప్పుకుంటారాండి?" అన్నాడు. నేను గవర్నమెంటు స్కూల్లో టీచర్ని. ప్రతి పొద్దున్నా పిల్లల్ని పొట్టి పొడుగు చూసి వరసలో నిలబెట్టేది నేనే. కోపం మాత్రం మిగుల్చుకుని ఇంటికొచ్చేశాను.

ఇంటికొస్తే అమ్మ నా మీదే విసుక్కుంది.

"నువ్వెందుకెళ్లేవే? చదువుకున్నోళ్లు చెప్తున్నారు. మనకి తెలీక ఇన్నాళ్లూ అడ్డదిడ్డంగా పాడేం. నేర్చుకుంటే పోద్ది కదా."

ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. చదువు వల్లే మావాళ్లు బురదలోంచి గట్టు మీదకి వచ్చారు. అమ్మ తను పస్తుండి నన్ను టీచర్ ట్రైనింగు చదివించింది. చదువుకున్నవాళ్ల మాట తప్పవచ్చని ఆవిడ ఊహకి కూడా అందదు. వాళ్లే నీ పాట తప్పంటుంటే, తప్పే కాబోలు అనుకుంది. అడ్డదిడ్డం అని ఆ పాటని ఎవరూ అనలేదు. ఆ పేరు ఆవిడే పెట్టుకుంది.

నేర్చుకుంది కూడా. ఆ అబ్బాయి ఫోన్‌లో పాటలు ఎక్కించి ఇచ్చాడు, టిక్కు టిక్కుమని తాళం వేసే యాప్ కూడా పెట్టాడు. వంట చేస్తూ, అంట్లు తోముతూ, అరుగు మీద కూర్చుని కొబ్బరాకు నుంచి ఈనెలు తీస్తూ, ఆవిడ ఎడమచేతి చూపుడువేలు ఎప్పుడూ ఏదో ఒకదాని మీద కొట్టుకుంటూనే ఉండేది. ఒక ముక్క వెనకబడితే నాలిక కరుచుకుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. ఇదివరకు ఆవిడ పనిచేసుకుంటుంటే పాట దాని దారిన అది సాగుతుండేది. అందులో మాట కలిసేది, పిల్లిని తిట్టడం కలిసేది, నాన్నని పిలవడం కూడా కలిసేది. అదంతా పోయింది. ఒకరోజు నాన్న వసారాలోంచి, "ఏంటే, టిక్కెట్టు కొట్టే కండక్టర్లాగా పాడుతున్నావు" అన్నాడు. ఆవిడ నవ్వలేదు. చెయ్యి పైకెత్తి, ఆగండి అన్నట్టు చూపించి, లెక్క తప్పకుండా పాట పూర్తిచేసింది.

తలాపు పాట మాత్రం ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. చర్చిలో ఎలా ఉన్నా, చావింట్లో ట్రాక్ రాలేదు. అది కూడా ఒకనాడు పోయింది.

మా పేటలో పెద్ద ఇల్లు ఒకటుంది. ఆ ఇంటి ముసలమ్మగారు పోయింది. కొడుకు కువైట్‌లో పెద్ద ఉద్యోగం, చర్చి కట్టడానికి అందరికంటే ఎక్కువ ఇచ్చింది ఆయనే. ఆయనకి టిక్కెట్టు దొరకలేదు, లైవ్‌లో చూస్తున్నాడు. అమ్మ ఎప్పటిలాగే తలాపున కూర్చుని ఎత్తుకుంది. మేడమీద ఏసీ గది తాళం వేసి ఉండగా ముసలమ్మగారు మెట్ల కింద మంచంలో పడుకున్న సంగతి పాడింది. కొడుకు ఫోన్ చేస్తాడేమోనని ఫోన్‌ని దిండు కింద పెట్టుకున్న సంగతి పాడింది. అంతా నిజం. అందరికీ తెలిసిందే. పాట అయ్యేసరికి ఆ ఇంటి కోడలు లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం కమిటీ కూర్చుంది. ఇక మీదట చావింట్లో కూడా అంతా క్రమం ప్రకారమే జరగాలన్నారు. మూడు పాటలు, స్పీకర్లో ట్రాక్ పెట్టి క్వైరు పాడుతుంది. ఒక ప్రార్థన, వాక్యం, ఆ తర్వాత సమాధి. సొంత కవిత్వాలు ఉండకూడదు. రాజుకైనా పేదకైనా అవే మూడు పాటలు, దేవుడి ముందు అందరూ సమానమే కదండీ, అని పెద్దాయన వివరించాడు. వినడానికి ఎంత బావుందో. అప్పట్నుంచి మా పేటలో పోయినవాళ్లందరూ ఒకే మనిషి పోయినట్టు పోయారు. పిసినారి, తాగుబోతు, పదిమందికి పురుడు పోసిన మంత్రసాని, ఎవరైనా అవే మూడు పాటలు. ఏడుపు కూడా ఆ పాటల సందుల్లోనే ఏడవడం అలవాటు చేసుకున్నారు జనం.

అమ్మ కూడా క్వైరులో నిలబడి ఆ మూడు పాటలూ పాడేది. అప్పటికి ఆవిడ ట్రాక్ వెంట పాడటం అందరికంటే బాగా వచ్చిన మనిషి. మైకు తిరిగి ఇచ్చారు. ఒక గుడ్ ఫ్రైడేకి ఒక్కదాన్నే పాడమన్నారు. ట్రాక్ మీద వెంట్రుకవాసి తప్పకుండా పాడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేకపోయాను. ఆ గొంతు శుభ్రంగా ఉంది, కానీ ఆ గొంతులో మా అమ్మ నాకు కనపడలేదు. చివరి బల్ల మీద ఉబ్బసం తాతగారు నోరు తెరిచి, అందక, మూసేసుకున్నాడు.

ఆ వానాకాలం నాన్నకి ఆయాసం మొదలైంది. అమలాపురం ఆసుపత్రిలో కొన్నాళ్లు ఆక్సిజన్ పెట్టి, ఇంక ఇంటికి తీసుకెళ్లమన్నారు. వసారాలో మంచం వేశాం, కాలువ కనపడేట్టు. మాట్లాడే ఓపిక లేకపోయినా అమ్మని చెయ్యూపి పిలిచి, "తూము" అనేవాడు.

"గుర్తుందిలెండి" అనేది అమ్మ.

"ఏదీ, ఒక్క ముక్క అను."

"ఇప్పుడెందుకండి, చాదస్తం కాపోతే. అది అప్పుడే రావాలి గానీ ముందు రాదు."

అది నిజమే, ఆవిడ ఎప్పుడూ ముందు కూర్చుకుని పాడిన మనిషి కాదు. నాన్న తలాడించి కళ్లు మూసుకున్నాడు. ఆవిడ చూపుడువేలు మాత్రం మంచంకోడు మీద టకటకమంటోంది. నేను ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. 

ఒక తెల్లవారుజామున పోయాడు. పొద్దెక్కేసరికి టెంటు వేశారు, ఐసుపెట్టె తెచ్చారు, ఫ్లెక్సీ కట్టారు. క్వైరు అబ్బాయి స్పీకరు తీసుకుని వచ్చాడు. శివారు పొలాల నుంచి చాలామంది వచ్చారు, చర్చిలో సాక్ష్యం చెప్పినాయన కూడా, ఇప్పుడు కర్ర పట్టుకుని. ఇంతకంటే మంచి సమయం రాదు. నేను కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్లాను. పోట్లాడాలనే వెళ్లాను. నాలుగు రోజులుగా మనసులో మాటలు పేర్చి ఉంచుకున్నాను.

"మా నాన్నకి తలాపు పాట కావాలండి. మీ క్రమం ఏమైనా కానివ్వండి."

ఆయన నా మొహం చూశాడు. ఆ కుర్రాడి వైపు చూశాడు. తర్వాత తలదించుకుని, "ఆయ్, మీ అమ్మగారు ఈ సంఘానికి చేసిందానికి ఆ మాత్రం ఇవ్వకపోతే ఎలాగండి. స్పీకరు తీయించేస్తాను. లైవ్ కూడా ఆపించేస్తాను. ఎంతసేపు కావాలంటే అంతసేపు పాడుకోమనండి" అన్నాడు.

నా పోట్లాట నోట్లోనే ఉండిపోయింది. అబ్బాయి స్పీకరు తీగ లాగేశాడు. జనం సర్దుకుని కూర్చున్నారు. ఐసుపెట్టె మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ లేచి వచ్చి తలాపున కూర్చుంది. పెట్టె అద్దం మీద చెయ్యి వేసి నాన్న మొహం చూసింది. కర్ర తాతగారు ముందుకి జరిగాడు. పాత రోజులు తెలిసిన ముసలమ్మలు అప్పుడే కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అమ్మ ఎత్తుకుంది. మొదటి చరణం. సరిగ్గా, శుభ్రంగా. ఎప్పుడైనా మొదటి చరణం ఉన్నదున్నట్టే పాడుతుంది కదా అని సరిపెట్టుకున్నాను. చరణం అయింది, ఆగింది. ఇప్పుడొస్తుంది అనుకున్నాను. ఆవిడ వేలు అద్దం మీద కొట్టుకుంటోంది, టక్, టక్, టక్. ఒక్క మాట లేదు. అందరూ చూస్తున్నారు. నాకు కాసేపటికిగానీ అర్థం కాలేదు. ట్రాక్‌లో అక్కడ వేణువు వస్తుంది. లేని వేణువు అయ్యేదాకా ఆవిడ ఆగుతోంది. అది అవ్వగానే, సరిగ్గా ఆ టక్కు మీద, రెండో చరణం ఎత్తుకుంది. ఉన్నదున్నట్టు.

నేను వంగి చెవిలో చెప్పాను. "అమ్మా, తూము."

వింది. పాడుతూనే నా వైపు చూసింది. కళ్లు నిండి ఉన్నాయి. చరణం చివర పెదవులు ఒకసారి వేరే మాటకి కదిలాయి, నేను చూశాను. ఈలోగా తర్వాతి టక్కు వచ్చేసింది. ఆవిడ దాంతో వెళ్లిపోయింది. మూడో చరణం, మళ్లీ వేణువుకి ఖాళీ, ఆఖరి పల్లవి రెండుసార్లు. ఎక్కడ ట్రాక్ ఆగుతుందో అక్కడ ఆపేసింది. వేలు కూడా ఆగిపోయింది.

ఎవరూ ఏడవలేదు. ఏడవడానికి ఏమీ చెప్పలేదు ఆవిడ. క్వైరు అబ్బాయి మాత్రం వచ్చి కళ్లు తుడుచుకుంటూ చేతులు జోడించాడు.

"ట్రాక్ లేకపోయినా ఒక్క బీటు కూడా తప్పలేదండి పెద్దమ్మగారూ."

"ఆయ్" అంది అమ్మ.

సమాధి అయ్యాక కాలువ గట్టు మీద నడిచి వస్తుంటే కర్ర తాతగారు నా పక్కకొచ్చాడు. శివారు తూము దగ్గర ఆగి, తలుపు వైపు కర్ర చూపించి, ఎంతో ప్రేమగా, "ఇక్కడేనండి మీ నాన్నగారు నిద్రపోయింది. ఆ నిద్దరే మా పిల్లల్ని బతికించింది. ప్రభువు కార్యమండి" అన్నాడు. ఇంక నేను ఆగలేకపోయాను. నిద్రపోలేదు తాతగారూ, మా నాన్నే ఎత్తాడు, చూసి, తెలిసి, ఉద్యోగానికి తెగించి ఎత్తాడు అని చెప్పేశాను. తట్టతో నీళ్లు పోసిన ఆవిడ గురించి చెప్పాను. ఆయన నడక ఆపి మొత్తం విన్నాడు. మధ్యలో అడ్డం రాలేదు. చివరికి నా భుజం తట్టాడు.

"ఆయ్, ఆయ్. కన్నకూతురు గదండి, అలాగే అనిపిస్తాది. అలాగే అనుకుందామండి."

మర్యాదగా ముందుకి నడిచాడు. ఆ మర్యాదతో నేనెలా పోట్లాడను?

ఇంటికి వచ్చేసరికి టెంటు విప్పుతున్నారు. అమ్మ వసారాలో నాన్న మంచం తీసేసిన చోట నేల మీద కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను. తిట్టాలనుకున్నాను. నిజంగా తిట్టాలనే అనుకున్నాను. ఆవిడే నా చెయ్యి పట్టుకుంది.

"గుర్తుందే. అంతా గుర్తుంది. తట్ట గుర్తుంది, చక్రం గుర్తుంది, ఆయన ఆమేన్ అన్నది గుర్తుంది. పెడదామని చూసేను, ఎక్కడా చోటు దొరకలేదే" అంది.

ఆవిడ వేలు నా అరచేతిలో కొట్టుకుంటూనే ఉంది.